దండన, అవమానము, ఆలకింపు: బడిపిల్లల మనస్స్వాస్థ్యమును గూర్చిన చరిత్ర

పాఠశాలల చరిత్రను వ్రాసిన పెద్దలు సాధారణముగా మూడు విషయములను లెక్కించుచు వచ్చిరి: దేశమున బడులెన్ని, వానియందు చదువుకొను పిల్లలెందఱు, వారు వల్లించిన గ్రంథములేవి. ఆ పిల్లలు ఏ భయముతో బడికి వచ్చిరో, ఏ సిగ్గుతో ఇంటికి పోయిరో, రాత్రి నిద్రపట్టక ఏమి తలపోసిరో యను సంగతిని విచారించినవారు మిక్కిలి తక్కువ. లెక్కకు రానిదానిని లేనిదానినిగా భావించుట లోకస్వభావము. కావుననే పిల్లల మనస్స్వాస్థ్యమనునది నిన్న మొన్న పుట్టిన క్రొత్త మాటయనియు, మన తాతల కాలమున దానితో పనియే లేకుండెననియు పలువురు పలుకుచుందురు. ఈ మాట యెంతవఱకు నిజమో చరిత్రమూలమున పరిశీలించుటయే ఈ వ్యాసమున మా యుద్దేశము.

మేము ప్రత్యేకముగా చెప్పదలచినది ఆఱవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వఱకు గల పిల్లలను గుఱించి. పసిపిల్లలకు ఇంటిలోను బడిలోను ముద్దు గలదు. పదవ తరగతివారికి పెద్దపరీక్ష గలదు. కావున వారిపై ఇంటిల్లిపాది కన్నును గలదు. నడుమనున్న వీరికి ముద్దును లేదు, మన్ననయు లేదు. ఈ వయస్సుననే ఒడలు పెరుగును, కంఠస్వరము మాఱును, ఆడపిల్ల పెద్దమనిషి యగును. ఈ వయస్సుననే ఒక్క పంతులుగారి యొద్ద చదివిన పిల్ల ఒక్కసారిగా ఆఱేడుగురు ఉపాధ్యాయుల చేతిలో పడును. ఊరిబడి విడిచి దూరపు హైస్కూలునకో, వసతిగృహమునకో పోవును. పూర్వము ఉపాధ్యాయుడు తన పిల్లలను దినమెల్ల చూచెడివాడు. ఇప్పుడు గంట మ్రోగగనే లేచి పోవును. లోపలను వెలుపలను ఇన్ని మార్పులు కలిగిన కాలముననే, ఆ మార్పులను గమనించు కన్ను తగ్గిపోవుచున్నది. మానసికవ్యాధులలో గణనీయమైన భాగము పదునాలుగేండ్లలోపుననే మొలకెత్తునని నేటి వైద్యశాస్త్రము చెప్పుచున్నది. అట్లగుటచే ఈ మూడు తరగతులు ఉపేక్షింపదగినవి కావు.

ముందుగా మన ప్రాచీనుల మాట విందము. శిష్యుని కొట్టకుండగనే శాసింపవలెననియు, అది సాధ్యము కానప్పుడు మాత్రము సన్నని త్రాటితోనో చీల్చిన వెదురుబద్దతోనో దండింపవచ్చుననియు, మఱి దేనితోనైనను కొట్టిన గురువును రాజు శిక్షింపవలెననియు గౌతమధర్మసూత్రము విధించుచున్నది. మనుస్మృతి రెండవ అధ్యాయమున హింసలేని అనుశాసనమును, మృదువైన పలుకును గురువునకు విధించి, ఎనిమిదవ అధ్యాయమున త్రాడును వెదురుబద్దయు వీపుమీద మాత్రమే పడవచ్చునని హద్దు పెట్టినది. ఇందు గమనింపదగినవి రెండు. దండన నియమము కాదు, అపవాదము. హద్దు మీఱిన గురువు రాజునకు జవాబుదారి. కాని లోకమున ప్రచారమునకు వచ్చినవి ఈ హద్దులు కావు. బిడ్డను అయిదేండ్లు లాలించి, పిమ్మట పదియేండ్లు తాడించి, పదాఱవయేట మిత్రునిగా చూడవలెనను నీతివాక్యమే ప్రతి యింటను వినబడెను. చదువరులు లెక్క వేసి చూడవలెను. మేము చెప్పుచున్న పిల్లలు ఆ తాడనకాలమున ఉత్తరార్ధమున పడుచున్నారు. శాస్త్రమునుండి అనుమతి వీధిబడికి దిగివచ్చినది. అనుమతికి గల హద్దు మాత్రము దారిలో జారిపోయినది.

వీధిబడి యెట్లుండెనో తెలిసికొనుటకు మనకొక మంచి సాక్ష్యము గలదు. 1822 లో మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో తన రాజధానియందలి కలెక్టరులందఱను దేశీయపాఠశాలల వివరములు పంపుడని కోరెను. అందుకు బళ్ళారి కలెక్టరు ఏ. డి. క్యాంబెల్ 1823 ఆగస్టులో వ్రాసిన జవాబు ప్రసిద్ధమైనది. నేటి అనంతపురము ప్రాంతము అప్పుడు ఆ జిల్లాలోనిదే. 9,27,857 మంది ప్రజలకు అచట 533 బడులుండెననియు, వానిలో 226 తెలుగు బడులనియు, చదువుకొనువారు 6,641 మంది యనియు అతడు లెక్క చెప్పెను. అంతటితో విడువక, ఉదయమున బడి యెట్లు మొదలగునో కూడ వర్ణించెను. అందఱికంటె ముందు వచ్చిన పిల్లవాని అఱచేత సరస్వతి పేరు వ్రాయుదురు, అది గౌరవము. రెండవవాని చేత సున్న చుట్టుదురు. వానికి మెప్పును లేదు, నిందయు లేదు. మూడవవానికి ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆ వెనుక వచ్చినవారికి వరుసగా ఒక్కొక్కటి ఎక్కువ. సోమరిని బెత్తముతో కొట్టుటయు, చేతులు రెండును కట్టి ఇంటికప్పునుండి వ్రేలాడదీయుటయు, ఎడతెగక కూరుచుండి లేచునట్లు చేయుటయు నుండెనని అతడు వ్రాసినాడు. మొదటిదానిని బెత్తపుదెబ్బలనియు, రెండవదానిని కోదండమనియు, మూడవదానిని గుంజిళ్ళనియు మన తాతలందఱు నెఱుగుదురు.

ఈ వర్ణనలో దెబ్బలకంటె మాకు విచారింపదగినదిగా తోచినది ఆ వరుస. ఇరువదవవాడు బడికి వచ్చుటలో ఆలస్యమెందుకు చేసెనని అడిగినవారు లేరు. వాడు ఆవును తోలి వచ్చెనో, తల్లి జబ్బుతో నుండెనో, దూరమునుండి నడచి వచ్చెనో ఎవరికిని అక్కఱలేదు. వానికి పదునెనిమిది దెబ్బలు పడుటకు కారణము వాడు చేసిన తప్పుకంటె, వానికి ముందు పందొమ్మిదిమంది యుండుటయే. వరుస యున్నంతకాలము ఎవడో యొకడు కడపటివాడు కాక తప్పదు. పిల్లలందఱును ప్రొద్దెక్కకమునుపే వచ్చినను కడపటివానికి దెబ్బలు తప్పవు. ఈ సూక్ష్మమును చదువరులు మనస్సున నుంచుకొనవలెనని కోరుచున్నాము. బెత్తము పోయిన తరువాతను ఈ వరుస నిలిచియున్నది.

ఈ కథ ఇక్కడనుండి సముద్రము దాటినది. పెద్ద పిల్లలచేత చిన్న పిల్లలకు చెప్పించు మన వీధిబడి పద్ధతిని ఇంగ్లండు అనుకరించినదని క్యాంబెల్ మెచ్చుకొనెను. ఆ పద్ధతిని అచటికి కొనిపోయినవాడు డాక్టరు ఆండ్రూ బెల్. ఇతడు 1789 మొదలు 1796 వఱకు మద్రాసు ఎగ్మూరులోని సైనికుల అనాథబాలుర శరణాలయమునకు అధికారిగా నుండి, మలబారు బడిలో పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుట చూచి ప్రభావితుడై, 1797 లో తన ప్రయోగమును లండనులో ప్రకటించెను. బెల్ దయాళువు; కొట్టుటను ఇష్టపడలేదు. దానికి బదులుగా తరగతిలో స్థానములు ఏర్పఱచెను: పాఠము చక్కగా నప్పగించినవాడు పైకి, తప్పినవాడు క్రిందికి. చెడునడతను నల్లపుస్తకమున వ్రాయించి, వారమున కొకమాఱు అందఱియెదుట చదివించి, తోడి బాలురచేతనే తీర్పు చెప్పించెను. అతని పోటీదారుడైన జోసెఫ్ లాంకాస్టరు 1798 లో లండనులో బడి పెట్టెను. ఇతడును బెత్తమునకు విరోధియే. కాని తప్పు చేసిన పిల్లవాని మెడకు కొయ్యదుంగ కట్టించెను. కొందఱిని గంపలో కూరుచుండబెట్టి ఇంటికప్పునకు వ్రేలాడగట్టించి, తక్కినవారిచేత పంజరపుపక్షి యని నవ్వించెను.

బళ్ళారిలోను లండనులోను ఇంటికప్పు ఒక్కటే. అచట చేతులు నొచ్చినవి. ఇచట మనస్సు నొచ్చినది. సంస్కర్తలు దెబ్బను తీసివేసి దాని స్థానమున సిగ్గును నిలిపిరి. శరీరమునకు తగిలిన దెబ్బ సాయంకాలమునకు తగ్గవచ్చును. నలుగురిలో జరిగిన అవమానము మాత్రము పిల్లవానితో కూడ ఇంటికి పోయి, వానితోనే పండుకొని, తెల్లవాఱి వానికంటె ముందే లేచి కూరుచుండును. ఇది సంస్కర్తల దుర్బుద్ధి కాదు. అంతకు నూఱేండ్లముందే, 1693 లో, జాన్ లాక్ అను తత్త్వవేత్త విద్యను గుఱించి వ్రాసిన గ్రంథమున దాసులవలె కొట్టి పెంచిన పిల్లలు దాసస్వభావులే యగుదురని చెప్పి, బెత్తమునకు బదులు మెప్పును సిగ్గును సాధనములుగా చూపియుండెను. అయితే ఆ మహనీయుడు మఱియొక నియమమును జతచేసెను: మెప్పు పదిమందిలోను, మందలింపు ఏకాంతములోను జరుగవలెను, నలుగురిలో పరువు పోయిన పిల్లవానికి ఇక కాపాడుకొనుటకు పరువు మిగులదు. తరువాతివారు సాధనమును గ్రహించిరి, నియమమును విడిచిరి. గౌతముని సూత్రమునకు ఇచట పట్టిన గతియే లాక్ మాటకు అచట పట్టినది.

పందొమ్మిదవ శతాబ్దిలో ఈ వరుసకు డబ్బు జతపడెను. 1862 లో రాబర్టు లో అను మంత్రి ఇంగ్లండులో సవరించిన విద్యానియమావళిని అమలుపఱచెను. ఇన్‌స్పెక్టరు బడికి వచ్చి ప్రతి పిల్లవానిని చదువులోను వ్రాతలోను లెక్కలోను పరీక్షించును. ఉత్తీర్ణులైన తలకాయల సంఖ్యనుబట్టి బడికి ధనసహాయము వచ్చును. ఇట్టి ఫలితానుసారపు గ్రాంటుల పద్ధతి మద్రాసు రాజధానికిని వచ్చినది. దీని పర్యవసానము ఊహించుటకు గొప్ప పాండిత్యము అక్కఱలేదు. పంతులుగారి జీతము పిల్లవాని జవాబుమీద వ్రేలాడెను. ఇన్‌స్పెక్టరునకు పంతులు వెఱచెను. పంతులునకు పిల్లవాడు వెఱచెను. భయము నీటివలె పల్లమునకు పాఱును. అందఱికంటె పల్లమున నున్నవాడు పిల్లవాడే కావున భయమంతయు వాని గుండెలో చేరి నిలిచెను. ఆ పద్ధతి ఇంగ్లండులో 1890 తరువాత క్రమముగా తొలగెను. 1904 నాటి భారతప్రభుత్వ విద్యాతీర్మానము ఇచటను దానిని విడువుమనెను. నియమము పోయినది గాని అది నేర్పిన అలవాటు పోలేదు.

ఇంతవఱకు చెప్పినది చీకటిభాగము. ఇక వెలుగు కనబడిన చోటు చూతము. 1896 లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున మార్గరెట్ మాగ్వైర్ అను నొక ఉపాధ్యాయిని, పదునాలుగేండ్ల బాలు డొకడు తక్కిన విషయములలో తెలివిగలవాడయ్యు వర్ణక్రమమును మాత్రము ఎంత నేర్పినను నేర్వలేకుండుట చూచి, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున మనశ్శాస్త్రము చెప్పుచున్న లైట్నర్ విట్మరు నొద్దకు సలహాకై పోయెను. విట్మరు పరీక్షించి చూడగా ఆ బాలుని కన్నులలో దోషము కనబడెను. కంటద్దములు పెట్టించి, వానికి తగినరీతిని చదువు చెప్పించెను. పిల్లల చదువుకష్టములను పరిశీలించు మనశ్శాస్త్ర చికిత్సాలయమునకు ఇదియే ప్రారంభమని చరిత్రకారులు చెప్పుదురు. ఈ శాస్త్రము పుట్టినది వైద్యుని ఆలోచనవలన కాదు, బడిపంతులమ్మ ప్రశ్నవలన. అంతకుముందు వేలకొలది గురువులు అట్టి పిల్లలను చూచి 'వీడు సోమరి' అని నిర్ణయించిరి. ఆమె 'వీనికి ఎందుకు రాదు?' అని అడిగెను. బళ్ళారి బడిలో ఇరువదవవానిని ఎవరును అడుగని ప్రశ్న ఇదియే.

ఆ తరువాత ఈ నడిమివయస్సుపై పండితుల దృష్టి పడెను. 1904 లో స్టాన్లీ హాల్ కౌమారమును గుఱించి రెండు పెద్ద సంపుటములు ప్రకటించెను. 1909 లో ఒహాయో రాష్ట్రమున కొలంబసు నగరములో ఈ వయస్సువారికి ప్రత్యేకముగా బడి తెఱచిరి. మన దేశమున రవీంద్రనాథ ఠాకూరు వీరందఱికంటె ముందే, పందొమ్మిదవ శతాబ్ది చివరి దశాబ్దమున, 'ఛుటీ' అను కథలో పల్లెనుండి కలకత్తాకు మేనమామ ఇంటికి వచ్చిన బాలునొకనిని చిత్రించెను. పదుమూడు పదునాలుగేండ్ల పిల్లవాడు ఎవరికిని అక్కఱకు రానివానివలె మెలగుచు, ప్రేమకొఱకు లోలోపల తపించుచు, బడిలో మొద్దుగా పేరుపొందుట అందు కనబడును. ఎన్ని శాస్త్రగ్రంథములు చదివినను ఆ కథ చెప్పినంత స్పష్టముగా ఈ వయస్సును తెలిసికొనుట కష్టము. 1939 లో మద్రాసునకు వచ్చి యుద్ధకాలమంతయు మన దేశముననే గడపిన మరియా మాంటిసోరి, శిక్షలను బహుమానములను రెంటిని తన బడులనుండి తొలగించినది. ఈ వయస్సున చదువుపై మనస్సు నిలువకపోవుట పిల్లల మొండితనము కాదనియు, అది ఆ ప్రాయపు లక్షణమనియు, వారి ఆత్మగౌరవమును కాపాడుటయే ముఖ్యమనియు 1948 నాటి తన గ్రంథమున ఆమె వివరించినది.

మన దేశమున బడిపిల్లల మనస్సునకు చికిత్స కల్పించు ప్రయత్నము స్వరాజ్యమునకు ముందే మొదలైనది. 1936 లో బొంబాయిలో స్థాపితమైన సర్ దొరాబ్జీ టాటా సమాజసేవా విద్యాలయము మఱుసటి సంవత్సరమున బాలమార్గదర్శక చికిత్సాలయమును తెఱచెను. 1952-53 నాటి మాధ్యమిక విద్యాకమీషను డాక్టరు ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియారు అధ్యక్షతను, బడులలో మార్గదర్శకులుండవలెననియు పరీక్షల భారము తగ్గవలెననియు చెప్పెను. 1964-66 నాటి కొఠారీ కమీషను ఆ మార్గదర్శకత్వము ప్రాథమికదశనుండియే కావలెననెను. ప్రసిద్ధ కథకుడు ఆర్. కె. నారాయణ్ 1989 లో రాజ్యసభలో తన తొలి ఉపన్యాసమును పిల్లలు మోయుచున్న పుస్తకపుసంచుల బరువునకే వినియోగించెను. 1993 లో ఆచార్య యశపాల్ కమిటి, పుస్తకముల బరువుకంటె అర్థముకాని చదువు బరువే పిల్లలను క్రుంగదీయుచున్నదని తేల్చెను. నలువదేండ్ల పొడవునా పెద్దలందఱును ఒక్కటే మాట చెప్పిరి. బడులు ఆ మాటను అలమారలలో భద్రపఱచినవి.

దెబ్బ విషయమున మాత్రము శాసనము కదలినది. 1986 నాటి జాతీయవిద్యావిధానము శరీరదండనను బడులనుండి తొలగింపవలెననెను. 2002 లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము దానిని నిషేధించెను. 2009 లో పార్లమెంటు చేసి, 2010 ఏప్రిల్ 1 నుండి అమలుపఱచిన విద్యాహక్కు చట్టము పదునేడవ విభాగమున రెండింటిని ఒక్కచోట నిషేధించినది: శరీరదండన, మానసికవేధింపు. ఆఱేండ్లనుండి పదునాలుగేండ్ల వఱకు గల పిల్లలకు వర్తించు చట్టమగుటచే మేము చెప్పుచున్న తరగతులన్నియు ఇందు చేరియున్నవి. రెండువేలయేండ్లక్రిందట గౌతముడు పెట్టిన హద్దును మన చట్టము మరల పెట్టినది. అంతేకాదు, దానిని దాటి మనస్సును కూడ హద్దులోనికి తెచ్చినది. ఇది చిన్న విజయము కాదు.

అయినను వరుస పోలేదు. బెత్తము విఱిగిన చోటునుండి మార్కులపట్టిక మొలచినది. ఆఱవ తరగతినుండియే ఇంజనీరు పరీక్షకు పునాది వేయుచున్నామని చెప్పు బడులు మన పట్టణములలో వీధివీధిని గలవు. మార్కులనుబట్టి పిల్లలను మంచి సెక్షనుగను, నడిమి సెక్షనుగను, కడపటి సెక్షనుగను విడదీయుట, నెలనెలకు పేర్లు గోడమీద అంటించుట, తల్లిదండ్రుల టెలిఫోనులకు అందఱి మార్కులు ఒక్కచోట పంపుట మనము చూచుచునే యున్నాము. కడపటి సెక్షనులో కూరుచుండిన పండ్రెండేండ్ల పిల్లకు ఎవరును దెబ్బ కొట్టరు. కొట్టవలసిన పనియు లేదు; ఆమె కూరుచుండిన గదియే ఆమె మెడకు కట్టిన కొయ్యదుంగ. 2022 లో జాతీయ విద్యాపరిశోధన శిక్షణ మండలి ఆఱవ తరగతి మొదలు పండ్రెండవ తరగతి వఱకు గల 3,79,842 మంది పిల్లలను విచారించి ప్రకటించిన నివేదికలో, చదువు, పరీక్షలు, ఫలితములే తమ కలతకు ముఖ్యకారణమని 81 శాతము పిల్లలు చెప్పిరి. బడిలో ప్రశ్న అడుగుటకు జంకుచున్నామని చెప్పినవారు 28 శాతము. నడిమితరగతులనుండి పై తరగతులకు పోయినకొలది బడిజీవితముపట్ల సంతృప్తి తగ్గుచున్నదని కూడ ఆ విచారణ చూపినది. అనగా జారుడు ఇచటనే మొదలగుచున్నది. పైకి కనబడుట మాత్రము ఇంటర్మీడియెటులో.

ఆ కనబడుట యెట్టిదో తెలుగువారికి వేఱుగా చెప్పనక్కఱలేదు. పరీక్షాఫలితములు వెలువడిన దినమున మన పత్రికలలో వచ్చు వార్తలు చదివి కన్నీరు పెట్టని యింటివారు అరుదు. విశాఖపట్టణమున పోటీపరీక్షకు చదువుచుండిన పదునేడేండ్ల బాలిక 2023 లో మరణించిన వ్యాజ్యములో సుప్రీంకోర్టు 2025 జులై 25 న తీర్పు చెప్పుచు దేశమునందలి విద్యాసంస్థలన్నిటికి మార్గదర్శకసూత్రములు విధించినది. నూఱుమంది లేక అంతకు మించి పిల్లలున్న ప్రతి సంస్థయు శిక్షణపొందిన సలహాదారునో, మనశ్శాస్త్రజ్ఞునో, సమాజసేవకునో కనీసము ఒక్కనిని నియమింపవలెను. అంతకు తక్కువవారున్న చోట వెలుపలి నిపుణులతో నియతమైన సంబంధము ఏర్పఱచుకొనవలెను. మార్కులనుబట్టి పిల్లలను విడదీయుట, బహిరంగముగా అవమానించుట మానవలెను. సిబ్బందికి ఏటేట రెండుమాఱులు శిక్షణ యీయవలెను. బళ్ళారి వరుసపై ఒక న్యాయస్థానము చేయివేయుట మా యెఱుకలో ఇది మొదటిమాఱు.

ఇచట కొందఱు పెద్దలు ఆక్షేపింతురు. "మేము దెబ్బలు తిని చదివినవారమే, మాకేమైనది? నేటి పిల్లలు సుకుమారులు" అని వారి వాదము. ఈ మాట చెప్పువారు దెబ్బలు తిని నిలిచినవారు. నిలువలేక బడి మానినవారు, అక్షరము పేరెత్తిన చేతులు వణకినవారు, సభలో నోరు విప్పలేనివారు వచ్చి తమ కథ చెప్పరు. ఓడ మునుగగా ఒడ్డు చేరినవారి సాక్ష్యమునుబట్టి సముద్రము లోతు లేదని నిర్ణయింపరాదు. అంతియగాక పూర్వపు పిల్లవానికి బడి వెలుపల ఏఱు, తోట, నాయనమ్మ, నలుగురు దాయాదిపిల్లలు ఉండిరి. బడిలో పడిన సిగ్గును కడుగుకొనుటకు చోటుండెను. నేటి పిల్లవానికి బడి, ట్యూషను, చేతిలోని టెలిఫోను. బడిలో పెట్టిన ఎగతాళిపేరు రాత్రి పదిగంటలకు టెలిఫోనులో మరల వానిని పిలుచును. భారము పెరిగినది, దించుకొను అరుగు కూలిపోయినది. సుకుమారత్వమను నింద దీనికి సమాధానము కాదు.

రెండవ ఆక్షేపణ మావంటి ఉపాధ్యాయులది: "మేము వైద్యులము కాము, జనాభాలెక్కలు, ఎన్నికలు, భోజనపు లెక్కలు, ఆన్‌లైను హాజరులు చాలక ఇదియు మా నెత్తినేనా?" ఈ మాటలో న్యాయము గలదు. మా యుద్దేశమున ఉపాధ్యాయుడు రోగమునకు పేరు పెట్టరాదు. అది వైద్యుని పని. 2020 లో ఆరంభమైన పాఠశాలారోగ్య కార్యక్రమము బడికి ఇద్దఱు ఉపాధ్యాయులను ఆరోగ్యదూతలుగా ఎన్నుమనినది. వారికి తీఱిక కల్పించుట అధికారుల విధి. ఫలితశాతముల పేర ఉపాధ్యాయుని వణికించుచు, పిల్లలను వణికింపకుమని చెప్పుట 1862 నాటి తప్పును మరల చేయుటయే యగును. పిల్లల మనస్సు కుదుటపడవలెనన్న ముందు ఉపాధ్యాయుని మనస్సు కుదుటపడవలెను. కాని గమనించుట, అడుగుట, వినుట అను మూడు పనులకు వైద్యశాస్త్రపు పట్టా అక్కఱలేదు. మార్గరెట్ మాగ్వైర్‌కు అట్టి పట్టా లేదు.

ఆ మూడింటిని కొంచెము విడమరచి చెప్పుదుము. నిన్నటివఱకు ఆడిన పిల్లవాడు ఆట మానినను, సోమవారము వచ్చినప్పుడెల్ల కడుపునొప్పి యనినను, తరగతిలో నిద్రించినను, ఉన్నట్టుండి కోపిష్ఠి యైనను, అది గమనింపదగిన మార్పు. అప్పుడు విచారణ ఒక క్రమమున సాగవలెను: కన్ను కనబడుచున్నదా, చెవి వినబడుచున్నదా, రాత్రి నిద్ర కలదా, ఉదయమున తిన్నాడా, ఇంటిలో కలహమో జబ్బో అప్పో కలదా, తోడిపిల్లలు కులము పేరనో రంగు పేరనో ఏడిపించుచున్నారా, ఎవరైన పెద్దవాడు బాధించుచున్నాడా. ఇవన్నియు అడిగిన పిమ్మటగాని బుద్ధిలోపమను మాట తలపెట్టరాదు. మొద్దులని పేరుపడినవారిని ముందు బల్లపై కూరుచుండబెట్టినంతనే చదువు తెఱపి యిచ్చుట మా తరగతులలో మేము పలుమాఱులు చూచినదే. ఆడపిల్లల విషయమున అడుగవలసిన ప్రశ్న మఱియొకటి గలదు: బడిలో తలుపుగల మరుగుదొడ్డియు నీరును కలవా? నెలకు నాలుగుదినములు బడి మానుచున్న పిల్లకు మనోధైర్యమును గుఱించి ఉపన్యసించుటకంటె గడియ పెట్టించుట మేలు.

వినుటలో రెండు ధర్మములు గలవు. పిల్లవాడు నమ్మి చెప్పిన సంగతి ఉపాధ్యాయుల గదిలో కథ కారాదు. అయితే ప్రాణమునకు అపాయము కలదని తోచినప్పుడు ఎవరికిని చెప్పనని మాట యీయరాదు; తల్లిదండ్రులకో, వారివలననే అపాయమున్నచో మఱియొక బాధ్యతగల పెద్దకో తెలిపి, వైద్యుని సహాయము పొందవలెను. బ్రతుకుమీద విసుగు పుట్టినదా యని నెమ్మదిగా అడిగినంత మాత్రమున లేని తలంపు పుట్టదు. అడుగుటవలన బరువు దిగుననియే అనుభవజ్ఞులు చెప్పుచున్నారు. 2022 అక్టోబరు 10 న ప్రారంభమైన టెలిమానస్ అను ప్రభుత్వసేవకు 14416 అను సంఖ్యకు టెలిఫోను చేసినచో తెలుగులోను సలహా లభించును. ఆ సంఖ్యను ప్రతి తరగతిగోడపైని, ర్యాంకులపట్టిక తీసివేసిన చోట వ్రాయింపవలెను.

చట్టములు వచ్చినవి, తీర్పు వచ్చినది. సలహాదారులు పల్లెబడులకు వచ్చుటకు కాలము పట్టవచ్చును. దానికై వేచియుండనక్కఱలేని పని యొకటి ప్రతి ఉపాధ్యాయుని చేతిలోను గలదు. ఈసారి పరీక్షాపత్రములు దిద్దిన పిమ్మట మార్కులను పైకి చదువవలదు. ఒక్కొక్క పత్రమును మడిచి, ఒక్కొక్క పిల్లకు విడిగా ఇచ్చి, తక్కువ వచ్చినవారిని సాయంకాలము ఒంటరిగా పిలిచి, ఎందుకు తగ్గినవో అడిగి, వారు చెప్పువఱకు ఓర్పుతో వేచియుండవలెను. దీనికి ప్రభుత్వపు ఉత్తరువు అక్కఱలేదు, ధనము అక్కఱలేదు, పది నిమిషముల కాలము చాలును.